పాత సింథసైజర్ ఎందుకు గరగరమంటుంది?

1984లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన జూనో-106 సింథసైజర్ ఈనాటికీ ఎంత కమ్మగా పలుకుతుందో! దాని మీద పైకీ కిందికీ జరిపే స్లైడర్లు వరుసగా ఉంటాయి. అవి జరిగే సన్నని సందుల్లోంచే దుమ్ము లోపలికి దిగుతుంది. లోపల కార్బన్ పూసిన పట్టీ మీద చిన్న లోహపు నాలుక జారుతుంటుంది. రెండింటి మధ్య దుమ్ము చేరితే కరెంటు తెగి తెగి పారుతుంది. స్పీకర్లో వినబడే గరగర అదే.

మరి ఆ దుమ్ము ఎలా దులపాలి? ముందు ప్లగ్ తీసేయండి. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్మును సందుల నుంచి బయటికి ఊడ్చండి. నోటితో ఊదకండి, తుంపర్లు లోపల పడతాయి. నీళ్లు అసలే చల్లొద్దు. గట్టిగా రుద్దితే పైనున్న అక్షరాలు చెరిగిపోతాయి, అవి మళ్లీ రావు. మూత మాత్రం మీరు విప్పకండి: ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. మూత విప్పడం పని తెలిసిన మెకానిక్ చేయాల్సిందే.