చివరి ఐదు మిల్లీగ్రాములు

దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడినవారి మందుల చీటీ చూస్తే ఒక వింత కనిపిస్తుంది. రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో మొదలైన మోతాదు వారానికి ఐదు చొప్పున తగ్గుతూ 20కి దిగుతుంది. అక్కణ్ణుంచి నడక నెమ్మదిస్తుంది. 10కి వచ్చాక ఒక్కొక్క మిల్లీగ్రామే తగ్గుతుంది. 5కి చేరాక ఆ ఒక్కటి తగ్గించడానికీ నెల ఆగమంటారు డాక్టర్లు. జబ్బు అదుపులోకి వచ్చింది, మాత్ర గోరంత అయింది, ఇంకా ఈ సాగదీత ఎందుకని చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారు. నిజానికి జాగ్రత్త ఎక్కువ కావలసింది ఇక్కడే.

ఉబ్బసం, కీళ్లవాతం, లూపస్, పిల్లల్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్, అవయవ మార్పిడి... స్టెరాయిడ్ లేకుండా గడవని జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో ఆ మందు ప్రాణం నిలబెడుతుంది. కాబట్టి దాన్ని చూసి భయపడనక్కర్లేదు. దాన్నుంచి బయటికి వచ్చే దారి ఎలా ఉంటుందో తెలుసుకుంటే చాలు.

శరీరం తయారుచేసుకునే స్టెరాయిడ్

రెండు కిడ్నీల పైనా ఒక్కో అధివృక్క గ్రంథి ఉంటుంది. డాక్టర్లు ఎడ్రినల్ అంటారు. దాని పై పొర కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తుంది. రక్తంలో చక్కెర మరీ పడిపోకుండా, బీపీ జారిపోకుండా, వాపు హద్దు మీరకుండా చూసేది ఇదే. తెల్లవారుజాము నుంచి పెరుగుతూ పొద్దున ఎనిమిది ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉండి, అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. జ్వరం వచ్చినా, ప్రమాదం జరిగినా, ఆపరేషన్ చేసినా గ్రంథి అప్పటికప్పుడు ఉత్పత్తిని అనేక రెట్లు పెంచుతుంది.

మామూలు రోజున మన శరీరం తయారుచేసుకునే కార్టిసాల్ సుమారు 4 నుంచి 6 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానం. చీటీలో ఐదు అంకె దగ్గర కథ మారడానికి కారణం ఇదే. అంతకు పైన ఉన్నదంతా జబ్బు కోసం వేసుకున్న మందు. అంతకు దిగువన మిగిలింది, శరీరం తానే తయారుచేసుకోవలసిన హార్మోనుకు బదులుగా బయటి నుంచి వస్తున్నది.

గ్రంథి తనంత తాను పనిచేయదు. మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే సంకేతం పంపితే, దాని కింద ఉన్న పీయూష గ్రంథి ఏసీటీహెచ్‌ను విడుదల చేస్తుంది. అది రక్తంలో ప్రయాణించి అధివృక్క గ్రంథికి చేరితే కార్టిసాల్ తయారవుతుంది. రక్తంలో కార్టిసాల్ పెరిగితే పై రెండూ నెమ్మదిస్తాయి. ఆ స్టెరాయిడ్ సొంత గ్రంథి నుంచి వచ్చిందా, మాత్ర నుంచి వచ్చిందా అన్న తేడా వాటికి తెలియదు. రోజూ 20, 30 మిల్లీగ్రాములు బయటి నుంచి వస్తుంటే ఏసీటీహెచ్ దాదాపు ఆగిపోతుంది. ఏసీటీహెచ్ ఆజ్ఞ మాత్రమే కాదు, గ్రంథికి పోషణ కూడా. అది నెలల తరబడి అందకపోతే కార్టిసాల్ తయారుచేసే పొర క్షీణిస్తుంది. చాలాకాలం సిమెంటు కట్టులో ఉంచిన చేతిని విప్పగానే బరువు ఎత్తమంటే ఎలా ఎత్తలేదో, ఈ గ్రంథీ అంతే.

మందు దొరికిన నాలుగేళ్లకే

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో మంచం దిగలేని ఒక యువతికి 'కాంపౌండ్ ఇ' అనే పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చారు. అది అక్కడే ఎడ్వర్డ్ కెండాల్ ఏళ్ల తరబడి పరిశోధించిన హార్మోను. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. తర్వాత దానికి కార్టిసోన్ అని పేరు పెట్టారు. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న టాడియస్ రైక్‌స్టైన్ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

రెండేళ్లు తిరక్కుండానే రెండో ముఖం బయటపడింది. కీళ్లవాతానికి నెలల తరబడి కార్టిసోన్ వాడిన ఒక వ్యక్తి తుంటి ఆపరేషన్ తర్వాత బీపీ పడిపోయి, ఏం చేసినా కోలుకోక చనిపోయాడు. శవపరీక్షలో అధివృక్క గ్రంథులు కుంచించుకుపోయి కనిపించాయి. 1952లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో ఈ సంగతి అచ్చయింది. మోతాదును మెల్లగా తగ్గించాలన్న నియమం వెనక, స్టెరాయిడ్ వాడినవారికి ఆపరేషన్ సమయంలో అదనపు మోతాదు ఇచ్చే అలవాటు వెనక ఇలాంటి మరణాలు ఉన్నాయి.

గీతకు పైన, గీతకు దిగువ

మోతాదు తగ్గించడం ఒకే పనిలా కనిపిస్తుంది కానీ నిజానికి రెండు. ఐదు మిల్లీగ్రాముల గీతకు పైన ఎంత వేగంగా దిగాలో జబ్బును బట్టి నిర్ణయిస్తారు. కీళ్ల వాపు తిరిగి వస్తోందా, మూత్రంలో ప్రొటీన్ పోతోందా, ఆయాసం పెరిగిందా అని చూసుకుంటూ తగ్గిస్తారు. గీతకు దిగువన వేగాన్ని నిర్ణయించేది గ్రంథి. జబ్బు పూర్తిగా నయమైనా సరే, గ్రంథి లేచేదాకా ఆగాలి.

అది లేవడానికి ఎంతకాలం పడుతుంది? 1965లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో గ్రాంట్ లిడిల్ బృందం దీర్ఘకాలం అణిగి ఉన్న ఈ వ్యవస్థ కోలుకునే క్రమాన్ని గమనించింది. మొదటి నెల అన్నీ మందకొడిగానే ఉన్నాయి. రెండు నుంచి ఐదు నెలల మధ్య ఏసీటీహెచ్ తిరిగి వచ్చింది, మామూలు కంటే ఎక్కువగా కూడా. కానీ అధివృక్క గ్రంథి ఇంకా పలకలేదు. కార్టిసాల్ మామూలు స్థాయికి రావడానికి మరికొన్ని నెలలు పట్టింది. మొత్తం వ్యవస్థ సర్దుకునేసరికి తొమ్మిది నెలలు దాటాయి. అందరికీ ఇంతకాలం పట్టదు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

అందరికీ ఈ మెట్ల దారి అవసరమూ లేదు. మూడు నాలుగు వారాల కంటే తక్కువ వాడినవారు, మోతాదు ఎంతైనా, గ్రంథి గురించి భయపడకుండా ఒక్కసారే ఆపవచ్చని యూరప్, అమెరికా ఎండోక్రైన్ సంఘాలు 2024లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోవిడ్‌కు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ పది రోజులు ఇచ్చి ఆపేయగలిగింది అందుకే. ఆ 6 మిల్లీగ్రాములు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌తో సమానమని గుర్తుంచుకోవాలి. మాత్ర మీది అంకె చిన్నదైతే మందు బలహీనమని కాదు. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్, 4 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసోలోన్, 6 మిల్లీగ్రాముల డెఫ్లాజాకార్ట్, 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ దాదాపు ఒకే బలం. డెక్సామెథాసోన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి, దీర్ఘకాలం వాడినవారిని ముందు ప్రెడ్నిసోలోన్‌కు మార్చి ఆపై తగ్గిస్తారు. మాత్రను పొద్దున పూటే వేసుకోమనడంలోనూ అర్థముంది. రాత్రి వేసుకుంటే తెల్లవారుజామున రావలసిన సంకేతం మరింత అణిగిపోతుంది.

ఒకేలా కనిపించే మూడు కష్టాలు

మోతాదు తగ్గుతున్నప్పుడు ఒళ్లు నొప్పులు, నీరసం వస్తే కారణం మూడింటిలో ఏదైనా కావచ్చు. మొదటిది, పాత జబ్బు తిరగబెట్టడం. రెండోది, కార్టిసాల్ నిజంగానే చాలకపోవడం: ఆకలి చచ్చిపోవడం, వికారం, బరువు తగ్గడం, నిలబడితే కళ్లు తిరగడం దీని గుర్తులు. మూడోది ఎక్కువమందికి తెలియదు. పెద్ద మోతాదుకు అలవాటుపడిన శరీరం, గీతకు పైనే ఉన్నా, తగ్గించిన ప్రతిసారీ గోల పెడుతుంది. కండరాల నొప్పి, దిగులు, నిద్రలేమి ఉంటాయి, కార్టిసాల్ కొరత మాత్రం ఉండదు. దీన్ని స్టెరాయిడ్ విత్‌డ్రాయల్ అంటారు. అలాంటప్పుడు వెనకటి మోతాదుకు వెళ్లి కొన్నాళ్లు ఆగి, ఇంకా చిన్న అడుగు వేస్తారు. మూడింటికీ చికిత్స వేరు కాబట్టి సొంతంగా మాత్ర పెంచుకోవడమూ తప్పే, ఓర్చుకుని ఆపేయడమూ తప్పే.

ఏది ఏదో తేల్చడానికి పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య రక్తంలో కార్టిసాల్ చూస్తారు. ముందు రోజు మాత్ర వేసుకుని కనీసం 24 గంటలు గడవాలి, ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. లేకపోతే ప్రెడ్నిసోలోన్‌నే కొన్ని పరీక్షలు కార్టిసాల్‌గా లెక్కవేస్తాయి. డెసిలీటరు రక్తంలో సుమారు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకున్నట్టే, మందు ఆపవచ్చు. 5 నుంచి 10 మధ్య ఉంటే గీత దగ్గరి మోతాదు కొనసాగించి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ చూస్తారు. 5 కంటే తక్కువైతే ఇంకా చాలా నెలల ఓపిక కావాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఈ అంకెను ఎక్కువ చేసి చూపిస్తాయి. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

తెలియకుండా వాడినవారి సంగతి

మన పల్లెల్లో, పట్టణాల్లో ఒక ప్రత్యేక సమస్య ఉంది. మోకాళ్ల నొప్పికి సూది వేయించుకున్నవారు, ఉబ్బసానికి పేరు లేని పొడులూ మాత్రలూ మింగినవారు తాము తీసుకున్నది స్టెరాయిడ్ అని తెలియకుండానే ఏళ్లు గడుపుతారు. వాడిన రెండు రోజులకే అద్భుతమైన ఉపశమనం, మానగానే రెట్టింపు బాధ, ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం కనిపిస్తే అనుమానించాలి. అనుమానం వచ్చిన వెంటనే పారేస్తే అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఆ మాత్రలనూ పొడులనూ పట్టుకుని ఎండోక్రైన్ లేదా జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెద్ద మోతాదులో పీల్చే స్టెరాయిడ్లు, ఒంట్లో ఎక్కువ భాగానికి ఏళ్ల తరబడి పూసిన క్లోబెటాసోల్ లాంటి క్రీములు, కీళ్లలోకి పదేపదే వేసే సూదులు కూడా గ్రంథిని అణచగలవు.

మిగతా మందులతోనూ లెక్క మారుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ స్టెరాయిడ్‌ను శరీరం నుంచి త్వరగా ఖర్చు చేయిస్తుంది. దాంతో మాత్ర తగ్గించకపోయినా తగ్గించినట్టే అవుతుంది. తామరకు ఇచ్చే ఇట్రాకొనజోల్, ముఖ్యంగా మిథైల్‌ప్రెడ్నిసోలోన్ విషయంలో, ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా పనిచేస్తుంది. షుగరు ఉన్నవారికి స్టెరాయిడ్ తగ్గే కొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గించాలి, లేకపోతే చక్కెర పడిపోతుంది.

జ్వరం వచ్చిన రోజు

గీత దగ్గర ఉన్నవారికి, ఈమధ్యే మందు మానినవారికి మామూలు రోజు గడిచిపోతుంది. చిక్కల్లా శరీరం అనేక రెట్ల కార్టిసాల్ అడిగే రోజునే. జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలి, ఎన్ని రోజులు పెంచాలి అన్నది ముందే డాక్టరు చేత రాయించుకోవాలి. వాంతులతో మాత్ర నిలవకపోతే ఇంట్లో ఆగకూడదు. విపరీతమైన నీరసం, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, మాట తడబడటం, మగత అధివృక్క సంక్షోభానికి గుర్తులు. అప్పుడు ఆసుపత్రిలో 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ ఎక్కిస్తారు. వెంటనే అందితే మనిషి గంటల్లో తేరుకుంటాడు. ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు.

బ్రిటన్‌లో 2020 నుంచి ఇలాంటివారికి స్టెరాయిడ్ ఎమర్జెన్సీ కార్డు ఇస్తున్నారు. మనమూ ఒక కాగితం మీద మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నాం, ఎప్పుడు మానేశాం అని రాసి పర్సులో పెట్టుకోవచ్చు. పన్ను తీయించుకోవడానికి వెళ్లినా, ఆపరేషన్‌కు వెళ్లినా ఆ కాగితం ముందుగా చూపించాలి. చివరి మాత్ర వేసుకున్నాక కూడా కనీసం ఏడాది పాటు దాన్ని పర్సులోంచి తీయకూడదు.