గోడ కట్టాక గుర్తొస్తే కుదరదు

తనకల్లులో ఇల్లు కడుతున్న చోట ఒక పది నిమిషాలు నిలబడండి. ప్లాస్టరింగ్ అయిపోయిన గోడ ముందు ఇంటాయన "అన్నా, ఈడ ఏసీ పాయింటు మర్చిపోయినాం" అంటాడు. బేల్దారి ఏమీ అనుకోడు. ఉలితో గోడ తొలిచి, పైపు దూర్చి, మళ్లీ సిమెంటు పూసేస్తాడు. మన దగ్గర సగం డిజైను సైట్లోనే జరుగుతుంది. ప్రీఫ్యాబ్రికేషన్‌లో ఆ వెసులుబాటు ఉండదు.

అక్కడ గోడలు, స్లాబులు, మెట్లు యార్డులోనే అచ్చుల్లో పోస్తారు. గట్టిపడ్డాక లారీలో తెచ్చి క్రేనుతో నిలబెడతారు. కిటికీ సందు, కరెంటు పైపు గోడతో పాటే రావాలి. అచ్చులో రెండంగుళాల తేడా వస్తే, అందులో పోసిన గోడలన్నిట్లోనూ వచ్చినట్టే. అందుకే ముందు బిమ్ కావాలి. బిమ్ అంటే త్రీడీ బొమ్మే అని నేనూ చాలాకాలం అనుకున్నా. బొమ్మలో గోడంటే నాలుగు గీతలు. బిమ్‌లో ఆ గోడకి మందం, మెటీరియల్, ఖర్చు, కట్టాల్సిన తేదీ కూడా ఉంటాయి. స్ట్రక్చరల్ వాళ్ల మోడల్ మీద ప్లంబింగ్ వాళ్ల మోడల్ పెడితే, డ్రైనేజీ పైపు బీములోంచి పోతోందని సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. కాంక్రీటు పోయకముందే కొట్లాట తీరిపోతుందన్నమాట.

ముక్కలు ఎలా కలుస్తాయో చూడాలంటే హైదరాబాద్ మెట్రో వంతెన కింద నిలబడి తలెత్తండి. ఆ ముక్కల్ని ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోశారు. ఈ పద్ధతిలో ఒక ముక్క పోసేటప్పుడు పక్క ముక్క ముఖాన్నే అచ్చుగా వాడతారు. కాబట్టి ఏ ముక్క చోటు దానిదే, అటూ ఇటూ మార్చడానికి లేదు. పైన వరసగా పేర్చి, మధ్యలో ఎపాక్సీ పూసి, లోపలి ఉక్కు తీగలు లాగి బిగిస్తే అన్నీ కలిసి ఒకే దూలమవుతాయి.

అసలు భయం ముక్క దగ్గర కాదు, అతుకు దగ్గర. 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల బిల్డింగులో, 18వ అంతస్తులో గ్యాస్ పేలింది. ఫ్యాక్టరీలో పోసిన గోడ పలక ఒకటి బయటికి ఎగిరిపోయింది. దాని మీద ఆనుకున్న పై అంతస్తులు కిందికి పడి, ఆ మూలంతా కూలింది. నలుగురు చనిపోయారు. పొయ్యి వెలిగించిన ఆవిడ మాత్రం బతికింది! పేలుడు అంత చిన్నది. పలకల్ని ఒకదానితో ఒకటి గట్టిగా కట్టిపడేసేది ఏదీ లేకపోవడమే కొంప ముంచింది.

మన ఊళ్లో రెండంతస్తుల ఇంటికి ఇదంతా గిట్టుబాటు కాదు. అచ్చు ఖర్చు వందల గోడలకి పంచితేనే లెక్క సరిపోతుంది, పైగా లారీ బాడుగ, క్రేను బాడుగ. (పొలాల చుట్టూ వేసే రెడీమేడ్ కాంపౌండు గోడ కూడా ప్రీకాస్టే, అది వేరే సంగతి.) కానీ తనకల్లు, కదిరి వైపు నుంచి బెంగళూరు సైట్లకి పనికి పోయేవాళ్ల మాటేమిటి? యార్డు నుంచి గోడ నున్నగా వచ్చేస్తే ప్లాస్టరింగ్ తగ్గుతుంది, సెంట్రింగ్ తగ్గుతుంది. కొత్తగా కావాల్సింది క్రేను సైగలు తెలిసినవాళ్లు, అతుకులో గ్రౌట్ పూర్తిగా నిండిందో లేదో చూసేవాళ్లు. రసమట్టం పట్టుకుని ఇరవై ఏళ్లు గోడలు లేపిన చేతికి ఇది రాని పనేం కాదు, ఎవరైనా పక్కన నిలబడి నేర్పితే. గ్రౌట్ నిండకపోతే పైకి కనబడదు. పోసినవాడికి ఒక్కడికే తెలుస్తుంది.