తిరిగే చుక్కల ముందు పడిగాపులు

రాయదుర్గం: పొద్దున తొమ్మిదిన్నరకు పల్లె బస్సు దిగిన రైతు నేరుగా నెట్ సెంటరుకు వస్తాడు. చేతిలో పాసుపుస్తకం, ఆధార్ కార్డు, సంచిలో మధ్యాహ్నానికి కట్టుకొచ్చిన సద్ది. ఆయనకు కావలసింది ఒక్క 1-బి కాగితం. బ్యాంకులో పంట రుణం తిరగరాయించుకోవాలి. సెంటరు కుర్రాడు మీట నొక్కుతాడు. తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలు పెడతాయి. అప్‌డేట్ జరుగుతోంది, 27 శాతం పూర్తయింది, కంప్యూటరును ఆపవద్దు అని ఇంగ్లీషులో ఒక రాత.

"ఏమప్పా, ఎంత సేపు?" అంటాడు రైతు.

"అయితాదిలే పెద్దాయనా, కూర్చో" అంటాడు కుర్రాడు. ఎప్పుడవుతుందో అతనికీ తెలియదు. 27 శాతం చూస్తుండగానే 30 అవుతుంది. ఆ తర్వాత అరగంట అక్కడే నిలిచిపోతుంది.

పట్టణంలో నెట్ సెంటర్లలో, డి.టి.పి. షాపుల్లో, జీన్స్ కుట్టే యూనిట్ల లెక్కల గదుల్లో ఈ చుక్కలు చూడనివారు లేరు. కంప్యూటరు చెడిపోయిందని కొందరు, సెంటరువాడికి పని రాదని కొందరు అనుకుంటారు. చాలాసార్లు రెండూ నిజం కావు. కంప్యూటరును లోపల నుంచి నడిపించే ఆపరేటింగ్ సిస్టం తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. అది ఎంచుకున్న వేళే మన వేళ కాదు.

మేస్త్రీ లేని యూనిట్

ఈ ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో రాయదుర్గంవాసులకు చెప్పడం తేలిక. జీన్స్ యూనిట్‌లో గుడ్డ కోసేవారు ఒకరు, కుట్టేవారు ఒకరు, జిప్పు వేసేవారు ఒకరు, ఉతుకుడుకు పంపేవారు ఒకరు. ఎవరి చేతికి ఎప్పుడు ఏ గుడ్డ అందాలో చూసే మేస్త్రీ లేకపోతే మిషన్లన్నీ బాగున్నా ఒక్క ప్యాంటూ బయటికి రాదు. కంప్యూటరులో ఆ మేస్త్రీ ఆపరేటింగ్ సిస్టం. ప్రింటరుకు కాగితం రాయమని చెప్పేది, వేలిముద్ర యంత్రాన్ని గుర్తుపట్టేది, ఫైలును ఎక్కడ దాచాలో చూసేది అదే. మన ప్రాంతంలో ఎక్కువ కంప్యూటర్లలో ఆ మేస్త్రీ పేరు విండోస్.

దీన్ని తయారు చేసే మైక్రోసాఫ్ట్ కంపెనీ 2003 నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి నెలా రెండో మంగళవారం మరమ్మతులు పంపుతుంది. అవి అమెరికాలో పొద్దున విడుదలైతే మనకు మంగళవారం రాత్రి పొద్దుపోయి ఉంటుంది. కాబట్టి ఇక్కడి షాపులవారికి ఆ బెడద ఎదురయ్యేది మరునాడు, బుధవారం ఉదయం గిరాకీ మొదలయ్యే వేళకు. తేదీ చూసుకుని ముందే జాగ్రత్తపడేవారు తక్కువ.

దీనికి మందు విండోస్‌లోనే ఉంది. సెట్టింగుల్లో అప్‌డేట్ పేజీలో 'యాక్టివ్ అవర్స్' అని ఒకటి ఉంటుంది. షాపు తెరిచే వేళ, మూసే వేళ అక్కడ చెబితే ఆ మధ్య కంప్యూటరు తనంతట తాను ఆగి మళ్లీ మొదలు కాదు. గరిష్ఠంగా 18 గంటలు పెట్టుకోవచ్చు. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటరు నడుపుకునే పల్లె విద్యార్థులకు ఇంకో ఉపాయం అవసరం. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్యాకు పొద్దున పదింటికల్లా ఖాళీ అయిందంటే తిన్నది చాలాసార్లు అప్‌డేటే. ఆ వైఫైని 'మీటర్డ్ కనెక్షన్'గా గుర్తు పెడితే పెద్ద పెద్ద దిగుమతులు చాలావరకు ఆగిపోతాయి.

ఇక కరెంటు సంగతి. "కంప్యూటరును ఆపవద్దు" అని తెర చెబుతుంది గాని ఆ మాట కరెంటు తీగకు వినిపించదు. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే ఒక్కోసారి విండోస్ పాత స్థితికి తిరిగి వచ్చి తేరుకుంటుంది. ఒక్కోసారి తేరుకోదు. యు.పి.ఎస్.లో బ్యాటరీ ఏళ్ల క్రితమే చచ్చిపోయి పెట్టె మాత్రం బల్ల కింద మిగిలి ఉన్న షాపులు లేకపోలేదు.

అప్‌డేట్ మానేస్తే?

ఈ విసుగుతో కొందరు అప్‌డేట్‌ను మొత్తానికే ఆపించేస్తారు. ఆపించి పెట్టినందుకు మెకానిక్కు డబ్బు కూడా ఇస్తారు. అది ఎంత ప్రమాదమో 2017 మే నెలలో ప్రపంచమంతా చూసింది. 'వన్నాక్రై' అనే పురుగు కంప్యూటర్లలో దూరి ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్లు కట్టమంది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని పాలబడ్డాయి. చిత్రమేమిటంటే దానికి విరుగుడు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, అప్‌డేట్‌గా వచ్చి ఉంది. అది ఎక్కించుకున్న కంప్యూటర్లకు ఆ దారిన పురుగు రాలేకపోయింది.

అట్లని అప్‌డేట్లన్నీ దేవుడి ప్రసాదమనీ అనుకోరాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేత్తో రాసి ఇచ్చారు. విమానం ఎక్కేవారికీ తప్పలేదు గనుక 1-బి కోసం వచ్చినవారు తమ ఊరికే ఈ ఖర్మ అనుకోనక్కరలేదు.

పదో నంబరు కాలం తీరింది

2015 జూలైలో వచ్చిన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. అంతకు ముందు ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో ఇదే గతి పట్టింది. కంప్యూటరు ఆ రోజుతో ఆగిపోదు. మరమ్మతులు మాత్రం రావు. ఇళ్లలో వాడుకునేవారికి ఒక ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు పొందే ఏర్పాటు ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు అక్కరలేదన్నారు. లేదంటే 30 డాలర్లు. ఈ కబురు చెవినపడని షాపులు ఎన్నో.

మరి విండోస్ 11 వేసుకోవచ్చు కదా అంటే, అది అందరినీ లోనికి రానివ్వదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు ఉంటే సరిపోదు. మదర్‌బోర్డులో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే స్థూలంగా ఎనిమిదో తరం నుంచి మొదలు. పాత సరుకు కొని నడుపుకునే చోట ఇది పెద్ద అడ్డంకి. రోజంతా చక్కగా పని చేసే యంత్రాన్ని కాలం చెల్లిందని పక్కన పెట్టమంటే, వాన రాని ఏడు కూడా ఎద్దును అమ్ముకోలేని రైతుకు ఆ మాట ఎట్లా ఎక్కుతుంది?

దొంగ కాపీల సంగతి వేరు. తెర కుడి మూల 'యాక్టివేట్ విండోస్' అనే బూడిదరంగు అక్షరాలు ఎన్నో షాపుల్లో శాశ్వతంగా ఉండిపోయాయి. ఆ అక్షరాలు పోగొట్టే 'క్రాక్' ఎక్కడెక్కడి నుంచో దింపుకుని, దానితోపాటు వైరస్‌ను కూడా ఇంట్లోకి పిలిచేవారున్నారు. ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు పత్రాలు స్కాన్ చేసే కంప్యూటరు అది. గిరాకీ వెళ్లిపోయాక ఆ స్కాన్లు 'డౌన్‌లోడ్స్'లో నెలల తరబడి పడి ఉంటాయి. డిలీట్ కొట్టినా రీసైకిల్ బిన్‌లోకి పోతాయే తప్ప అప్పుడే చెరిగిపోవు. పని కాగానే అక్కడ నుంచి కూడా తీసేయమని అడగడం గిరాకీ హక్కు. అడగడానికి మొహమాటపడరాదు.

వేలిముద్ర పడలేదంటే ప్రతిసారీ ముసలాయన అరిగిన వేళ్లదే తప్పు కాదు. ఆ యంత్రానికి 'ఆర్.డి. సర్వీస్' అనే సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాలి. అప్‌డేట్ తర్వాత అది నిద్రపోయిందేమో ముందు చూడాలి. అది చూడకుండా పెద్దవాళ్లను చేతులు కడుక్కురమ్మని, తలకు రాసుకోమని పదిసార్లు తిప్పడం న్యాయం కాదు.

అక్షరాలు ఎక్కడికి పోయాయి?

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు అక్షరాలది. జాతర కరపత్రం రాయదుర్గంలో కంపోజు చేయించి, ఫైలు అనంతపురం తీసుకుపోతే అక్కడ తెరిచాక ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు! వైరస్ పట్టిందని బెంబేలు పడతారు. జరిగింది అది కాదు.

డి.టి.పి. షాపుల్లో తరచు వాడేది అను ఫాంట్లు, పేజ్‌మేకర్. ఈ పాత పద్ధతిలో కంప్యూటరు దృష్టిలో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల స్థానాలే. ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ తొడుగు లేని కంప్యూటరులో అసలు రూపం బయటపడుతుంది. పేజ్‌మేకర్ ఆఖరి రకం 7 వచ్చింది 2001లో. పాతికేళ్లు కావస్తున్నా దాన్ని వదలలేక, కొత్త విండోస్ దానితో సరిగా కుదురుకోక, కొందరు దానికోసమే ఒక ముసలి కంప్యూటరును ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి కాపాడుకుంటారు. ఇది తెలివైన పనే.

యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటిచ్చారు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, 8తో నిర్మల ఫాంట్లు వచ్చాయి. దేశికాచారి గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఎందరికో ఉచితంగా అందాయి. 2019 నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగుల్లో భాషగా తెలుగు చేర్చుకుంటే చాలు. తర్వాత విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారుతుంది. అర్జీలు, ఉత్తరాలు దీనిలో రాస్తే ఏ ఊళ్లో తెరిచినా తెలుగుగానే ఉంటాయి.

1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న తాలూకా ఇది. ఇప్పటికీ రెండువైపులా బంధుత్వాలే. పెళ్లిపత్రిక ఒకవైపు తెలుగు, ఒకవైపు కన్నడం అడిగేవారుంటారు. అను ఫాంటు తెలుగుకు, నుడి కన్నడానికి అని రెండు పాత పద్ధతులు ఒకే కాగితం మీద నడిపించే కంపోజిటర్ ఓర్పును మెచ్చుకోవలసిందే.

ఖరీదైన యంత్రాలు కొన్నవారు నవ్వనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే చాలు, ఆపిల్ ఐఫోన్లలోనూ మ్యాక్ కంప్యూటర్లలోనూ ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఒత్తులను, గుణింతాన్ని కలిపి గీయడంలో వచ్చిన లోపం అది. ఆ నెలలోనే కంపెనీ సవరణ పంపింది. జ్ఞానమే గిట్టలేదని అప్పట్లో తెలుగువారు నవ్వుకున్నారు.

పాత పెట్టెకు ఇంకో దారి

కొత్త కంప్యూటరు కొనే స్తోమత లేనివారికి లినక్స్ ఒక దారి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలు పెట్టిన ఈ వ్యవస్థ ఉచితం. లినక్స్ మింట్ అనే రకం 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే సుఖం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఉన్న విండోస్‌ను ముట్టుకోకుండానే నడిపి చూడవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి దీని మీదనే నేర్చుకుంటున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ దీన్ని తెలుగులోకి తేవడానికి పాటుపడింది. చదువుకునే పిల్లవాడికి, ఇంట్లో వాడకానికి ఇది చాలు. జీన్స్ యూనిట్ లెక్కలు రాసే ట్యాలీకి, డి.టి.పి.లో అను ఫాంట్లకు మాత్రం విండోసే కావాలి. అవి ఉన్నచోట తొందరపడి మార్చుకుంటే చిక్కే.

అసలు విండోస్ తప్పే లేని జబ్బులూ ఉన్నాయి. మన ఎండకు, దుమ్ముకు క్యాబినెట్‌లోని ఫ్యాను మట్టితో పూడుకుపోయి, వేడెక్కిన ప్రాసెసరు వేగం తగ్గించుకుంటుంది. దాన్ని విప్పి, దుమ్ము ఊది, పాత హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేస్తే అదే పెట్టె పరుగెడుతుంది.

మరొకటి వింత జబ్బు. స్కాలర్‌షిప్‌కు ఆఖరు రోజు. ఏ సైటు తెరిచినా 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని కంప్యూటరు మొరాయిస్తుంది. ఇంటర్నెట్ బాగుంది. విద్యార్థి కళ్లలో నీళ్లు. అప్పుడు తెర మూలన తేదీ చూడాలి. ఎన్నో ఏళ్ల క్రితం తేదీ ఉంటుంది! ప్రతి సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. కంప్యూటరు తాను పాతకాలంలో ఉన్నానని నమ్మితే ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని తోసేస్తుంది. కారణం, కరెంటు లేనప్పుడు గడియారం నడిపించే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోవడం. అప్పటికి తేదీ చేత్తో సరిచేస్తే దరఖాస్తు వెళ్లిపోతుంది. మళ్లీ కరెంటు పోతే మళ్లీ అదే కథ. ఆ బిళ్ల మీద సి.ఆర్.2032 అని రాసి ఉంటుంది. వాచీలు బాగుచేసే కొట్లోనూ దొరుకుతుంది.