తెర మీది మనిషే సిద్ధాంతం
సంభాషణలు మరచిపోతాము, కథలు కలగాపులగమవుతాయి. కాని కథానాయకుడి రూపంలో మనసులో ప్రవేశించిన భావం దశాబ్దాల పాటు నిలిచిపోతుంది.

1964లో విడుదలైన ‘రాముడు - భీముడు’ కథ తెలుగు ప్రేక్షకులకు సుపరిచితమే. పిరికివాడైన రాముడిని బావ కొరడాతో కొట్టి, భయపెట్టి ఆస్తిని అనుభవిస్తుంటాడు. రాముడి స్థానంలోకి పోలికలో భేదం లేని భీముడు వస్తాడు. కొరడా చేతులు మారుతుంది. కొట్టినవాడే దెబ్బలు తింటాడు. ఎన్.టి. రామారావు ద్విపాత్రాభినయం చూసి జనం కడుపుబ్బ నవ్వారు, చప్పట్లు కొట్టారు, తృప్తిగా ఇళ్లకు వెళ్లారు.

మరుసటి సంవత్సరం సంక్రాంతికి అదే కథ ‘ఎంగ వీట్టు పిళ్ళై’ పేరుతో తమిళంలో వచ్చింది. దర్శకుడు అదే తాపీ చాణక్య. కథానాయకుడు మాత్రం ఎం.జి. రామచంద్రన్. కొరడా ఝళిపిస్తూ, మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆయన పాడిన పాట ఒక కుటుంబంలోని దుర్మార్గుణ్ణి ఉద్దేశించినది. అయితే హాలులో కూర్చున్నవారు దానిని ఒక రాజకీయ నాయకుడు పేదలకు చేసిన ప్రతిజ్ఞగా విన్నారు. 1967లో చాణక్యే ఆ కథను ‘రామ్ ఔర్ శ్యామ్’గా హిందీలో తీశారు. అందులో దిలీప్ కుమార్ నటనా కౌశలానికి ప్రశంసలు దక్కాయి. రాజకీయం ఎవరి మనసులోనూ మెదలలేదు.

కథ ఒకటే, దర్శకుడు ఒకరే, కొరడా ఒకటే. అయినా మద్రాసు రాష్ట్రంలో మాత్రమే అది సిద్ధాంతంగా ఎందుకు మారింది? సినిమా భావాలను ఎలా మోసుకువెళుతుందన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

మాటలతో మొదలు

సినిమాను భావప్రచారానికి వాడుకోవడం కొత్త సంగతి కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’ తీసి అస్పృశ్యతను ప్రశ్నించారు. 1939లో ‘రైతుబిడ్డ’ తీసి జమీందారుల ఆగ్రహానికీ, నిషేధానికీ గురయ్యారు. రాజ్ కపూర్ ‘ఆవారా’ (1951) మరొక ఉదాహరణ. దొంగ కొడుకు దొంగే అవుతాడని నమ్మిన న్యాయమూర్తి ఎదుట అతని సొంత కొడుకే ముద్దాయిగా నిలబడతాడు. మనిషిని తీర్చిదిద్దేది పుట్టుక కాదు, పరిసరాలేనన్న వాదాన్ని ఆ చిత్రం సోవియట్ రష్యా దాకా తీసుకువెళ్లింది.

అయితే ఒక రాజకీయ పక్షం పుట్టీపుట్టగానే సినిమాను చేతబట్టిన ఘట్టం తమిళదేశానిది. 1949లో ద్రవిడ మున్నేట్ర కజగం (డి.ఎం.కె.) స్థాపించిన సి.ఎన్. అణ్ణాదురై స్వయంగా నాటకకర్త, సినీ రచయిత. ఆయన రచించిన ‘వేలైక్కారి’ అదే సంవత్సరం విడుదలైంది. 1952 దీపావళికి వచ్చిన ‘పరాశక్తి’తో ఈ ధోరణి పరాకాష్ఠ నందుకుంది. మాటలు ఎం. కరుణానిధివి. రంగూను నుంచి తిరిగివచ్చిన యువకుడు స్వదేశంలో మోసపోతాడు. వితంతువైన అతని చెల్లెలు ఆకలితో అలమటిస్తుంది. గుడిలో పూజారి ఆమెపై అత్యాచారానికి ప్రయత్నిస్తాడు. చివరకు న్యాయస్థానంలో అన్న నిలబడి సమాజాన్నే బోనులో నిలబెడతాడు. ఆ పాత్రతోనే శివాజీ గణేశన్ చిత్రరంగ ప్రవేశం చేశారు. చిత్రాన్ని నిషేధించాలన్న కోరికలు వినవచ్చాయి. ఈలోగా కోర్టు ఘట్టంలోని సంభాషణలు జనానికి కంఠతా వచ్చేశాయి.

ఇది సందేశం సూటిగా చెప్పిన కాలం. సూటిగా చెప్పినదానితో ఒక చిక్కు ఉన్నది. దానిని సూటిగా ఖండించవచ్చు. సెన్సారు కత్తెరతో సూటిగా కోయవచ్చు.

కత్తెరకు అందనిది

1953లో ఎం.జి.ఆర్. డి.ఎం.కె.లో చేరారు. శివాజీ వలె ఆయన సంభాషణా చతురుడు కారు. ఆయన దారి వేరు. సిద్ధాంతాన్ని పలకడానికి బదులు, దానిని ఒంటిమీద ధరించారు.

‘చక్రవర్తి తిరుమగళ్’ (1957)లో ఆయన పాత్ర పేరు ఉదయసూర్యన్. ఉదయసూర్యుడు డి.ఎం.కె. గుర్తు. స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించిన ‘నాడోడి మన్నన్’ (1958)లో రాజు స్థానంలో కూర్చున్న సామాన్యుడు పేదలకు మేలు చేసే శాసనాలు ప్రకటిస్తాడు. ప్రేక్షకులకు అది జానపద కథ మాత్రమే కాదు, రాబోయే ప్రభుత్వపు ప్రణాళిక. తమిళంలో ‘అణ్ణా’ అంటే అన్న. తెర మీద కథానాయకుడు ‘అణ్ణా’ అన్నప్పుడల్లా హాలు అణ్ణాదురైని తలచుకుని ఈలలతో మారుమోగేది. తోబుట్టువును పిలిచే పిలుపును ఏ సెన్సారు అధికారి కత్తిరించగలడు?

ప్రయత్నాలు జరగకపోలేదు. ‘అన్బే వా’ (1966) పాటలో ఉదయసూర్యుని ప్రస్తావనకు అభ్యంతరం రాగా ‘ఉదయ’ స్థానంలో ‘కొత్త’ అనే అర్థం వచ్చే మాట చేర్చవలసి వచ్చింది. మాట మారినా ప్రేక్షకుడికి అర్థం మారలేదు. చలనచిత్రం ఇతర కళలకన్నా గాఢంగా ఉద్వేగాలను కదిలించగలదనీ, కనుక ముందస్తు సెన్సారు రాజ్యాంగ సమ్మతమేననీ 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని సెన్సారు చూసేది మాటనూ, దృశ్యాన్నీ మాత్రమే. ఆ నటుడి వెనుక పదేళ్లుగా పోగుపడిన అర్థం కత్తెరకు అందదు.

ఆ అర్థాన్ని ఎం.జి.ఆర్. ఎంతో శ్రద్ధతో పోగుచేశారు. ‘పడగోట్టి’లో జాలరి, ‘తొళిలాళి’లో కార్మికుడు, ‘వివసాయి’లో రైతు, ‘మాట్టుక్కార వేలన్’లో పశువుల కాపరి, ‘రిక్షాక్కారన్’లో రిక్షావాడు. శ్రమజీవులలో ప్రతి ఒక్కరికీ ఆయన తమవాడయ్యారు. ఆయన పాత్ర మద్యం ముట్టదు, పొగ త్రాగదు, తల్లి మాట జవదాటదు, ఆడదానికి ఆపద వస్తే ఊరుకోదు. ‘పాశం’ (1962)లో నాయకుడు చనిపోతే అభిమానులు సహించలేకపోయారు, చిత్రం ఆడలేదు. తమ రక్షకుడు మరణించడాన్ని వారు కథగా అంగీకరించలేదు.

ఇక తెరకూ జీవితానికీ మధ్య గోడ పూర్తిగా కూలిపోయిన రోజు 1967 జనవరి 12. సహనటుడు ఎం.ఆర్. రాధా ఆయనపై తుపాకి పేల్చాడు. మెడకు కట్టుతో ఆసుపత్రిలో ఉన్న ఎం.జి.ఆర్. బొమ్మ ఎన్నికల గోడపత్రికలకు ఎక్కింది. ప్రచారానికి వెళ్లకుండానే ఆయన పరంగిమలై నియోజకవర్గంలో గెలిచారు. డి.ఎం.కె. అధికారంలోకి వచ్చింది. తెర మీద ప్రతి చిత్రంలోనూ దెబ్బ తిని లేచే వీరుడు నిజజీవితంలోనూ లేచి నిలబడ్డాడని జనం నమ్మారు.

గొప్ప నటుడు ఓడిన చోట

నటనే గీటురాయి అయితే తమిళనాడును శివాజీ గణేశన్ ఏలవలసింది. ఆయన 1950వ దశకం నడుమనే డి.ఎం.కె.కు దూరమై, పిమ్మట కాంగ్రెసుకు చేరువయ్యారు. 1988లో సొంత పార్టీ స్థాపించి, 1989లో తిరువయ్యారు నుంచి పోటీ చేసి ఓడిపోయారు. కారణం ఊహించడం కష్టం కాదు. శివాజీ రాజుగా, బిచ్చగాడుగా, తాగుబోతుగా, భక్తుడుగా ఎన్నో మనుషులయ్యారు. ప్రేక్షకుడు ప్రతిసారీ నటుణ్ణి మెచ్చుకున్నాడు, పాత్రను పాత్రగానే చూశాడు. ఎం.జి.ఆర్. మాత్రం ఎన్ని వేషాలు వేసినా ఒకే మనిషి. ఆయనను మెచ్చుకోనక్కరలేదు, నమ్మితే చాలు.

ఆ నమ్మకాన్ని మూసపోసి తయారుచేయడం కూడా సాధ్యం కాలేదు. 1970వ దశకం ఆరంభంలో కరుణానిధి కుమారుడు ఎం.కె. ముత్తు ఎం.జి.ఆర్. బాణీలో కథానాయకుడుగా వచ్చారు. వేషభాషలు అనుకరించగలిగారు కాని, సంవత్సరాల తరబడి పేరుకున్న విశ్వాసాన్ని అనుకరించలేకపోయారు. 1972లో డి.ఎం.కె. నుంచి బహిష్కృతులైన ఎం.జి.ఆర్. సొంత పార్టీ పెట్టినప్పుడు అభిమాన సంఘాలే పార్టీ శాఖలయ్యాయి. 1977లో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

తెలుగునాట, ఉత్తరాదిన

తెలుగునాట ఇదే కథ మరో తీరున నడిచింది. ఎన్.టి. రామారావు రాముడుగా, కృష్ణుడుగా, వేంకటేశ్వరుడుగా పూజలందుకున్నారు. కాని రావణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. ఎం.జి.ఆర్. వలె ఒకే నీతి సూత్రానికి కట్టుబడిన రూపం కాదది. పురాణ పాత్రలు ఆయనకు ఇచ్చింది ఒక ఠీవి, పరిపాలించే అర్హత. ‘సర్దార్ పాపారాయుడు’ (1980), ‘జస్టిస్ చౌదరి’, ‘బొబ్బిలిపులి’ (1982) వంటి చిత్రాలు ఆ ఠీవికి అవినీతిపై ఆగ్రహాన్ని జోడించాయి. అదే కాలంలో రాష్ట్రంలో అయిదేళ్లలోపు నలుగురు ముఖ్యమంత్రులు మారారు. ఢిల్లీ నిర్ణయాలతో మనసు నొచ్చుకున్న ప్రజలకు ఆత్మగౌరవమన్న మాట తెర మీది రాజసం నుంచి వచ్చినట్లే వినిపించింది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారం చేపట్టింది.

హిందీ చిత్రసీమలో మరొక వింత జరిగింది. 1975లో వచ్చిన ‘దీవార్’ కథ ప్రకారం చట్టమే గెలుస్తుంది. స్మగ్లరైన అన్నను విడిచి తల్లి పోలీసు తమ్ముడి వెంట నడుస్తుంది. ఇది చిత్రం చెప్పిన నీతి. కాని జనం గుండెల్లో నిలిచిపోయింది అమితాబ్ బచ్చన్ పోషించిన అన్న పాత్ర. కథ చట్టాన్ని గెలిపించింది, తార ఆగ్రహాన్ని గెలిపించాడు. సందేశానికీ తారకూ పోటీ వస్తే గెలుపు ఎవరిదో ఆ చిత్రం తేల్చింది. అదే నటుడు 1984లో అధికారపక్షం తరఫున అలహాబాదు నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1987లో రాజీనామా చేశారు. వ్యవస్థపై తిరుగుబాటు చేసిన రూపం వ్యవస్థలో ఇమడలేదు.

చెప్పకుండా చెప్పినది

ఈ చిత్రాలన్నీ పైకి పేదల పక్షం మాట్లాడాయి. అయితే వాటి అడుగున మరో పాఠం నిశ్శబ్దంగా నడిచింది. రైతు కష్టం తీర్చేది రైతుసంఘం కాదు, కథానాయకుడు. చట్టం, న్యాయస్థానం, పోలీసు ఆఖరి రీలులో వస్తారు, అప్పటికి న్యాయం జరిగిపోయి ఉంటుంది. చదువుకున్న ధనిక యువతి గర్వంతో ప్రవేశించి, నాయకుడి చేత బుద్ధి చెప్పించుకుని, చీర కట్టుకుని తలవంచుతుంది. దుర్మార్గం ఒక వ్యక్తిలో ఉంటుంది, అతడు మారితే లోకం బాగుపడుతుంది. ఈ పాఠాలను ఏ పాత్రా ఉపన్యాసంగా చెప్పదు. కనుకనే ఎవరూ వాదించరు. సహజమని తోచే భావమే అన్నిటికన్నా బలమైన సిద్ధాంతం.

తెర మీది మనిషికీ పాలకుడికీ మధ్య అంతరం ఎంత? తెర మీద మద్యం ముట్టని ఎం.జి.ఆర్. ప్రభుత్వమే 1981లో మద్యనిషేధాన్ని సడలించింది. ఆ ప్రభుత్వమే 1982లో మధ్యాహ్న భోజన పథకాన్ని విస్తరించి లక్షలాది పిల్లల ఆకలి తీర్చింది. రెండూ నిజమే. ఆయన పాలనలో పేదలకు నిజంగా దక్కినదెంత, అయినా వారు ఆయనను ఎందుకు విడవలేదని పరిశోధకుడు ఎం.ఎస్.ఎస్. పాండియన్ 1992లో ‘ది ఇమేజ్ ట్రాప్’ గ్రంథంలో సూటిగా ప్రశ్నించారు. 1984 ఎన్నికలనాటికి ఎం.జి.ఆర్. న్యూయార్కులోని ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన జీవించే ఉన్నారని నిరూపించే చిత్రం ఒకటి తీసి ఊరూరా చూపించారు. ఇందిరాగాంధీ హత్యానంతర సానుభూతి కూడా తోడై, ఆయన కూటమి గెలిచింది. చివరి ఎన్నికల ప్రచారం కూడా తెర మీదనే జరిగింది.

ఐతే ప్రేక్షకుడు మైనపు ముద్ద అనుకోవడం పొరపాటు. కిలో బియ్యం రెండు రూపాయలకు అందించిన రామారావును ఆదరించిన ఓటరే 1989లో ఆయన పార్టీని ఓడించాడు. ఆయన స్వయంగా కల్వకుర్తిలో పరాజితులయ్యారు. 2008లో పార్టీ స్థాపించిన చిరంజీవి సభలకు జనసముద్రం తరలివచ్చింది. మరుసటి ఏడు ఎన్నికలలో 294 స్థానాలకు గాను ఆ పార్టీకి దక్కినవి 18. చప్పట్లు కొట్టే చేయి, ఓటు వేసే చేయి ఒకే మనిషివి. కాని ఆ రెండూ ప్రతిసారీ ఒకే మాట వినవు.

కనుక సినిమా చూడవద్దని గాని, అభిమానించవద్దని గాని ఎవరూ చెప్పనక్కరలేదు. కొరడా ఝళిపించిన వీరుణ్ణి చూసి ఈల వేయడంలో తప్పు లేదు. హాలులో దీపాలు వెలిగాక ఒక ప్రశ్న వేసుకుంటే చాలు. ఆ కథలో మనవంటివారు ఏమి చేశారు? నిలబడి పోరాడారా, లేక ఒకరు వచ్చి రక్షించేదాకా చేతులు కట్టుకుని చూశారా? చిత్రం ఏ సిద్ధాంతాన్ని చెప్పినదీ నాయకుడి సంభాషణలకన్నా అతని వెనుక నిలబడిన ఆ గుంపును చూస్తే బాగా తెలుస్తుంది.