మల్లరంగమునుండి ఫుట్‌బాలు మైదానమునకు

ఒక విద్యయందు ఆరితేరినవాడు వేఱొక విద్యయందు ప్రవేశించినచో, మొదటిది అతనికి ఎంతవఱకు తోడ్పడును? ఈ ప్రశ్న ఆటస్థలమునకే గాక తరగతిగదికిని, ఉద్యోగమునకును గూడ సంబంధించినది. చెడుగుడునందు మేటియనిపించుకొన్న బాలుడు ఫుట్‌బాలు జట్టులో జేరి, మొదటి వారముననే గట్టున గూర్చుండవలసివచ్చి చిన్నబోవుట మేము పలుమాఱులు చూచియున్నాము. అట్టివానికి ఊఱటగాను, అతని తలిదండ్రులకు ఆలోచనకుగాను, అమెరికాదేశమున 2004వ సంవత్సరమున జరిగిన యొక యథార్థ వృత్తాంతమును ఇచ్చట వివరింప దలచితిమి.

బ్రాక్ లెస్నర్ 1977వ సంవత్సరము జూలై 12వ తేదీన దక్షిణ డకోటా రాష్ట్రమునందలి వెబ్‌స్టర్ అను చిన్న పట్టణమున జన్మించెను. అతని తలిదండ్రులు పాడిపశువులను పెంచుకొని జీవించు కర్షకులు. ఉన్నత పాఠశాలలో నుండగా అతడు కుస్తీయు ఫుట్‌బాలును రెండును ఆడెను. పిమ్మట ఉత్తర డకోటాలోని బిస్మార్క్ కళాశాలయందును, తదుపరి మిన్నెసోటా విశ్వవిద్యాలయమందును జేరి కుస్తీనే దీక్షతో అభ్యసించెను. విశ్వవిద్యాలయముల జాతీయ పోటీలలో 1999లో తుదివఱకు వచ్చి యోడెను, 2000లో గెలిచెను. 1999లో అతని నోడించినవాని పేరు స్టీఫెన్ నీల్. చదువరులు ఈ పేరును జ్ఞాపకమునం దుంచుకొందురుగాక. దీనితో ముందు పనియున్నది.

చదువు ముగిసిన పిదప లెస్నర్ ధనార్జనకై వృత్తికుస్తీలో ప్రవేశించెను. ఇది కళాశాలలో నేర్చిన కుస్తీవంటిది గాదు. ఇందు గెలుపోటములు ముందుగనే నిర్ణయింపబడును; ఇది సగము నాటకము, సగము సాము. అయినను క్రింద పడుట నిజమైన పడుటయే, ఎముక విఱిగినచో నిజముగనే విఱుగును. 2002 ఆగస్టు 25న, తన యిరువదియైదవయేట, అతడు ఆ సంస్థవారి ప్రధాన బిరుదును బడసెను. అంత చిన్నవయసున అదివఱకెవరికిని ఆ బిరుదు లభింపలేదు. 2003 మార్చిలో గోదాత్రాటిపైనుండి గాలిలో పల్టీకొట్టి దూకబోయి, తలక్రిందులుగ పడి మెదడునకు దెబ్బ తగిలించుకొనెను. కీర్తియు ధనమును నిండుగనున్నను, ఊరూర తిరుగు నిత్యప్రయాణములతో విసిగి, 2004 మార్చి 14న న్యూయార్కు నగరమున తుదిపోటీ యాడి, ఫుట్‌బాలు వృత్తిలో జేరెదనని బయలుదేఱెను.

ఈ ఫుట్‌బాలు మన పాఠశాల మైదానమున కాలితో తన్ను ఆటగాదు. అమెరికావారి ఫుట్‌బాలునందు బంతి కోడిగ్రుడ్డువలె రెండు కొనలు గలిగియుండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు. మైదానము గోలుగీటునుండి గోలుగీటునకు 100 గజములు. పక్షమునకు 11 మంది. బంతిగల పక్షమువారు నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. లేనిచో బంతిని ఎదుటివారికి వదలుకొనవలెను. ఒక్కొక్క ప్రయత్నమునకు ముందు ఇరుపక్షములవారును ఒక గీతకు ఇరువైపుల వరుసలుతీఱి, కొందఱు చేతిని నేలకానించి వంగియుందురు. బంతి కదలిన క్షణముననే రెండు గోడలు ఢీకొన్నట్లు ఢీకొందురు. ఎదుటివారి గోడను మధ్యభాగమున ఛేదించువాడే రక్షణపంక్తిలోని టాకిల్. లెస్నర్ ఎన్నుకొన్న స్థానమిదియే.

ఇందు కుస్తీ తోడ్పడకపోలేదు. రెండు దేహములు తాకినపుడు తక్కువ యెత్తుననున్నవానిదే పైచేయి యగును. మోకాళ్లు వంచి, నడుమును క్రిందికి దించి, ఎదుటివాని బరువును అతనిపైకే మరల్చు నేర్పు మల్లునకు పుట్టినది మొదలు అలవడినట్లుండును. ఎదుటివాని మణికట్టును వదలించుకొనుట, కాలు తడబడక నిలుచుట, నొప్పినోర్చుట, ఇవియన్నియు రెండింటికిని సమానములే. లెస్నర్ ఆఱడుగుల మూడంగుళముల పొడగరి. 280 పౌనులు మించిన బరువువాడు. అంతటి దేహముతోను మిక్కిలి వేగముగ పరుగెత్తగలవాడు. దేహమును మాత్రము చూచినవారికి ఇతడు ఫుట్‌బాలునకే పుట్టెననిపించును.

కాని మల్లుడు వృత్తమధ్యమున ఒంటరిగ ఒక్కని నెదుర్కొనును. ఎదుటివాని ఒడలు తగిలిన పిదప దానినిబట్టి తన యుపాయమును మార్చుకొనును. కళాశాల కుస్తీలో ఒక పోటీకి ఏడు నిమిషముల కాలము గలదు. తప్పుచేసినను దిద్దుకొన వచ్చును. ఫుట్‌బాలులో ఒక ప్రయత్నము కొన్ని సెకనులలో ముగియును. బంతి కదలకమునుపే ఎదుటివారి నిలుకడను జూచి, వారు పరుగెత్తుదురో, విసరుదురో యూహింపవలెను. తన యెదుటివాడొక్కడేగాక, ప్రక్కనున్నవాడును గలసి ఇద్దఱొక్కమాఱుగ మీదబడవచ్చును. అన్నిటికంటె ముఖ్యమేమనగా, ప్రతివానికిని కాపాడవలసిన యొక సందు నియమింపబడియుండును. తన బలమును జూపదలచి, ఎదుటివానిని ప్రక్కకు విసరివేసి సంతోషించునంతలో, తాను విడిచిన సందుగుండ బంతి దూసికొనిపోవచ్చును. అప్పుడతడు తన పోరున గెలిచి జట్టును ఓడించినవాడగును. ఈ తెలివి కండలలో నుండదు. వేలకొలది మాఱులు చేసిన యభ్యాసమునందే యుండును. ఇతరులు కళాశాలలో నాలుగేండ్లు ఈ యభ్యాసము చేసియుండగా, లెస్నర్ ఉన్నత పాఠశాల విడిచినది మొదలు ఈ యాటనే ఆడియుండలేదు.

దీనికితోడు ఆపద యొకటి సంభవించెను. 2004 ఏప్రిలులో అతని మోటారుసైకిలును ఒక బండి ఢీకొనగా, దవుడయెముకయు చేతియెముకయు విఱిగెను. తొడమూల నరము బెణికెను. నేర్చుకొనవలసిన దినములలో అధికభాగము కోలుకొనుటకే సరిపోయెను. అయినను ప్రయత్నమును మానక, జూలై నెలాఖరున మిన్నెసోటా వైకింగ్స్ జట్టువారితో ఒడంబడిక చేసికొని, శిక్షణశిబిరమున కుఱ్ఱవాండ్రతో గలసి మొదటిపాఠము దిద్దుకొనెను. లక్షలాది ప్రేక్షకుల కేకలకు అలవాటుపడినవాడు అందఱికంటె వెనుకటి వరుసలో నిలుచుండెను. ఋతువునకు ముందు జరుగు పరీక్షాపోటీలలో ఆడెను. జట్టున తుదకు నిలుచువారు 53 మందియే. ఆగస్టు నెలాఖరున అతనిని తొలగించిరి. ఐరోపాలోని ఉపసంఘమున నాడి అనుభవము సంపాదింపుమని పిలుపు వచ్చెను గాని, కుటుంబమును విడిచి దూరదేశమునకు పోనొల్లక అతడు అంగీకరింపలేదు.

ఇక స్టీఫెన్ నీల్ కథ. 1999లో లెస్నర్ నోడించిన ఈతడు అదే సంవత్సరమున ప్రపంచ కుస్తీ పోటీలలోను గెలిచెను. ఈతడును కళాశాలలో ఫుట్‌బాలు ఆడలేదు. ఈతని కళాశాలకు ఫుట్‌బాలు జట్టే లేదు. 2001లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టువారు చేర్చుకొని, కొలదికాలమునకే తొలగించిరి. వేఱొక జట్టున అభ్యాసకుడుగ నుండి, తిరిగి మొదటి జట్టునకే వచ్చెను. 2002లో ఆడనారంభించునప్పటికి భుజమునకు దెబ్బతగిలెను. 2003వ సంవత్సరమంతయు ఆడలేక కూర్చుండెను. 2004లో, అనగా లెస్నర్ తొలగింపబడిన యా సంవత్సరముననే, నీల్ స్థిరమైన స్థానమును సంపాదించెను. 2005 ఫిబ్రవరిలో అతని జట్టు 24-21 సంఖ్యలతో దేశపు తుదిపోటీ గెలువగా, ఆ గెలుపున అతడు భాగస్వామి యయ్యెను. 2011లో విరమించువఱకు అదే జట్టున నుండెను.

ఇద్దఱును మేటి మల్లులే; ఇద్దఱును తొలగింపబడినవారే. భేదమెక్కడ? నీల్ వెలుగులోనికి వచ్చుటకు మూడేండ్లు పట్టెను; లెస్నరునకు లభించినవి కొన్ని వారములు మాత్రమే. అతడు కాలమును కోరియుండవచ్చును గాని, దానికి వెలగా కుటుంబమును విడువ నొల్లలేదు. ఇది తప్పని మేమనము. ఏ విద్యకైనను వెల గలదనియు, ఆ వెల ముఖ్యముగ కాలరూపమున నుండుననియు మాత్రమే మేము చెప్పునది. లెస్నరును అంతటితో చెడిపోలేదు. నిజమైన ద్వంద్వయుద్ధక్రీడలో ప్రవేశించి, 2008 ఫిబ్రవరిలో ఆ ప్రధాన సంస్థవారి రంగమున తొలిపోటీ ఓడినను, ఆ నవంబరుననే బిరుదు గెలిచెను. అందు అతని కుస్తీవిద్య సంపూర్ణముగ పనికివచ్చెను.

సౌలురాజు తన కవచమును దావీదునకు తొడిగించినపుడు, అభ్యాసము లేనందున ఆ బాలుడు దానిని విప్పివేసి, తానెఱిగిన వడిసెలను చేతబట్టుకొనెనని మన విద్యార్థులు లేఖనములలో చదివియున్నారు. కవచము చెడ్డదిగాదు, దావీదు బలహీనుడును గాడు. వాని మధ్య అభ్యాసము లేకపోయెను, అంతియే.

కావున విద్యార్థులారా, క్రొత్తదానిని నేర్వ వెఱవకుడు. కాని పాతదానియందు మీకుగల పేరును గుమ్మము వెలుపల విడిచి, మొదటి తరగతి బాలునివలె లోనికి పొండు. తలిదండ్రులారా, మీ కుమారుడు ఒకచోట మొదటివాడై వేఱొకచోట కడపటివాడైనచో, అతడు దిగజాఱెనని తొందరపడి తలపవలదు. ఏ మెట్టున నిలిచియున్నాడో చూడుడు. అది క్రొత్త నిచ్చెనయొక్క మొదటి మెట్టు కావచ్చును.