మా డాబా - ఇద్దరు మేస్త్రీలు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయించి చూడమని మాత్రం అనలేదు. ఆ అనుభవం వారికి లేక కాదు. మన మీది జాలి చేత ఊరుకుని ఉంటారు.

మేముండేది శంషాబాద్‌లో. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచిన తరువాత ఊరి రూపే మారిపోయింది. పొలాలు ప్లాట్లయినాయి, ప్లాట్లు మేడలైనాయి. ఇన్ని మేడలు లేచేచోట మేస్త్రీలకు కరువేమిటనుకుంటాం. సంగతి తలక్రిందులు. కొత్త కట్టడంలో నెలల తరబడి పని దొరికే మేస్త్రీ మన మూడు రోజుల మరమ్మతుకు ఎందుకు వస్తాడు? వచ్చేవాడు ఎటువంటివాడో మన అదృష్టాన్ని బట్టి ఉంటుంది.

నిరుటి వానలకు మా డాబా కారింది. మొదటి మేస్త్రీ మెట్లెక్కకుండానే, వాకిట్లో నిలబడి రోగం చెప్పేశాడు. బయానా పుచ్చుకుని, మండుటెండలో సిమెంటు పూత పూయించి వెళ్ళాడు. నీళ్ళు కట్టమనైనా చెప్పలేదు. సిమెంటు ఎండి గట్టిపడదు. నీటితో కలిసి గట్టిపడుతుంది. తడి ముందే ఆరిపోతే బీటలే మిగులుతాయి. తొలకరికే మళ్ళీ కారింది. ఫోను చేస్తే "రేపొస్త" అన్నాడు. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

పక్కింటివారి అనుభవం వేరు. వారి ప్రహరీ కట్టిన మేస్త్రీ, మిగిలిన సిమెంటు బస్తాలు దుకాణంలో తిరిగి ఇచ్చి, ఆ డబ్బు లెక్కచెప్పి వారి చేతిలో పెట్టాడట. ఆయననే మాకు పంపారు. పాలమూరు మనిషి. వానలు తెరిపి ఇచ్చాక వచ్చి, డాబా మీది గొట్టం మూసి, ఒక పగలూ రాత్రీ నీళ్ళు నిలిపి చూశాడు.

"పూత మీద పూత పూస్తే లాభం లేదు సార్. గోడ, స్లాబు కలిసేకాడ పగిలింది. నీళ్ళు గొట్టం దిక్కు పోతలేవు" అన్నాడు.

పాము కరిచినవాడికి తాడూ పామే గదా! "పని ముగిసేదాకా పైసా ఇవ్వను" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, తల ఊపి పనిలో దిగాడు. పాత పూత చెక్కించి, పగులు పూడ్చి, గొట్టం వైపు వాలు తీయించాడు.

మూడోనాటి సాయంత్రం మా ఆవిడ చెప్పింది: "తట్టలు మోసే ఆవిడ అన్నదండీ, మేస్త్రీ భార్య పట్టీలు కుదువ పెట్టి వీళ్ళకు కూలి ఇస్తున్నాడట."

అడ్డా మీద నుంచి వచ్చిన కూలీలకు ఏ పూట కూలి ఆ పూటే ఇవ్వాలి. ఆ మాత్రం నాకు తెలియనిది కాదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే డబ్బు ఇచ్చి, పొరపాటైందన్నాను.

"ముందొచ్చినోడు చేసిన అప్పు సార్. వెనకొచ్చినోడే కట్టాలె" అని నవ్వాడు.

ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే ఇదే చెబుతాను. డాబా ఎక్కి చూడనివాడికి పని ఇవ్వకండి. ఏ పని, ఎవరి సామాను, ఎన్ని రోజులు, ఎంత సొమ్ము - కాగితం మీద వ్రాసుకోండి. కూలి ఏ రోజుకారోజు ఇవ్వండి; మేస్త్రీ సొమ్ములో కొంత మాత్రం ఒక పెద్ద వాన వెలిసేదాకా నిలపండి. పూతకు కనీసం వారం రోజులు నీళ్ళు కట్టండి.

మొన్నటి ముసురుకు మా ఇంట చుక్క రాలలేదు. వాన వెలిసిన పొద్దున నేనే అడ్డాకు వెళ్ళి, మిగిలిన సొమ్ము ఆయన చేతిలో పెట్టాను. ఆయన డబ్బు లెక్కపెట్టలేదు. "మూలకాడ చెమ్మ తగులుతుందా సార్?" అని అడిగాడు.