నరం తీసిన కాలు: ఆపరేషన్ తర్వాత మీరు తెలుసుకోవలసినవి

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారులకు – కవిటి మండలం

కొబ్బరి చెట్టు మీంచి పడినా, బండి ప్రమాదం జరిగినా చేతి నరాలు తెగిపోవచ్చు. తెగిన రెండు కొసల మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే డాక్టర్లు ఇంకోచోటి నుంచి నరం తీసి అక్కడ అతుకుతారు. ఎక్కువగా పిక్క వెనుక నుంచి బయటి చీలమండ వరకు ఉండే సూరల్ నరాన్ని తీస్తారు. ఇది రక్తం పారే నరం కాదు, స్పర్శను తెలిపే నరం.

కాలు చచ్చుబడిపోతుందా?
లేదు. ఈ నరం కండరాలను కదిలించదు. నడక, బలం పోవు. అందుకే దీన్ని ఎంచుకుంటారు.

మరి ఏం మారుతుంది?
• పాదం బయటి అంచు, చిటికెన వేలి వైపు, మడమ పక్కన తిమ్మిరిగా ఉంటుంది. పక్క నరాలు మెల్లగా ఆ పని అందుకుంటాయి కాబట్టి నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ తిమ్మిరి ఉన్న మేర తగ్గుతుంది. కొందరికి కొంచెం చోటు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.
• చలికి జివ్వుమనడం, మచ్చ దగ్గర దురద, లాగినట్టుండడం మామూలే.
• కొద్దిమందికి తెగిన నరం కొసన చిన్న గడ్డ కడుతుంది. అక్కడ తడితే కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుంది. దీనికి వైద్యం ఉంది, డాక్టరుకు చూపించండి.

జాగ్రత్తలు
1. తిమ్మిరి ఉన్నచోట ముల్లు గుచ్చుకున్నా, కాలినా తెలీదు. జీడి తోటలోకి, ఎండకు కాగిన ఇసుకలోకి చెప్పులు లేకుండా వెళ్లకండి.
2. చలిమంట దగ్గర ఆ కాలు పెట్టకండి. వేడినీళ్లు ముందు చేత్తో చూసుకోండి. ఆ చేతికే స్పర్శ లేకపోతే రెండో చేత్తో చూడండి.
3. రోజూ రాత్రి పాదం అడుగు, పక్కలు చూసుకోండి. షుగర్ ఉన్నవాళ్లు ఇది అస్సలు మానకూడదు.
4. నొప్పికి మెడికల్ షాపులో మాత్రలు కొని మింగకండి. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. పైగా నరాల నొప్పికి అవి అంతగా పనిచేయవు. దానికి వేరే మందులున్నాయి. వాటిలో కొన్నింటి మోతాదు కూడా కిడ్నీ పనితీరును బట్టే ఇవ్వాలి. కాబట్టి డాక్టరుకు మీ క్రియాటినిన్ రిపోర్టు చూపించండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?
పుండు మానకపోయినా, చీము, వాపు, జ్వరం వచ్చినా, తిమ్మిరి తగ్గకుండా పైకి పాకుతున్నా, ఒంటి మీద ఇంకోచోట స్పర్శ లేని మచ్చ కనిపించినా వెంటనే కవిటి సామాజిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. స్పర్శ లేని మచ్చ కుష్ఠుకు గుర్తు కావచ్చు, దాన్ని ఆపరేషన్ వల్ల వచ్చిందని వదిలేయకండి.

చేతికి బాగవడానికి ఎంత కాలం?
అతికిన నరం రోజుకు సుమారు 1 మి.మీ. పెరుగుతుంది, అంటే నెలకు దాదాపు అంగుళం. భుజం దగ్గర అతికితే వేళ్లదాకా రావడానికి ఏడాదికి పైనే పట్టవచ్చు. అందాకా వ్యాయామం ఆపకండి.

ఆపరేషన్‌కు ముందే అడగండి
“నరం ఎక్కడి నుంచి తీస్తారు? ఒక కాలి నుంచా, రెండు కాళ్ల నుంచా? తర్వాత ఏ చోట తిమ్మిరి ఉంటుంది?” అని అడగండి. సమాధానం అర్థమయ్యాకే సంతకం పెట్టండి. అడగడం మీ హక్కు.

దాచుకోవలసిన కాగితాలు
డిశ్చార్జ్ కాగితం, ఆధార్, ఆరోగ్య కార్డు లేదా రేషన్ కార్డు. ఏ కాలి నుంచి నరం తీశారో డిశ్చార్జ్ కాగితంలో రాసి ఉందో లేదో చూసుకోండి. తర్వాతి వైద్యం పథకం కిందకు వస్తుందా అన్నది ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి.